గాజుల గడ్డిని కాల్చిన ఏడాది

జబ్బు పడకముందు నేను పత్రికలో ప్లేగు వార్తలు రోజూ చదివేవాణ్ణి. లేచి కూర్చోగలిగాక, చదవలేకపోయిన రోజుల పత్రికలను కూడా ఏజెంటు దగ్గరనుంచి తెప్పించుకుని వరసగా చదివాను. ఏ పేటలో ఎలుకలు రాలుతున్నాయి, సూదిమందు ఎక్కడ వేస్తున్నారు, ఏ రైలు దిగినవాళ్ళను ఆపి చూస్తున్నారు అన్నీ ఉన్నాయి. అవి అవసరమైన సంగతులే, వాటివల్ల మాకు మేలే జరిగింది. నిన్న ఎందరికి సోకింది, ఎందరు పోయారు అన్నది రెండవ పేజీలో కింద ఒక మూల అంకెల్లో ఉండేది. అంతే. జ్వరంలో ఉన్నవాడికి పైకప్పు ఎలా కనిపిస్తుంది, ఆసుపత్రి కంచె అవతల నిలబడ్డ భార్య సాయంత్రం దాకా ఏం చేస్తుంది, ఇంటికి తిరిగి వచ్చినవాళ్ళు ఒకరి మొహం ఒకరు ఎలా చూసుకుంటారు అన్నది ఎవరూ రాయలేదు. రాసి ఉంటే, అది చదవండి అని నలుగురికీ నేనే చెప్పేవాణ్ణి. లేదు కనుక నాకు తెలిసినంత రాస్తున్నాను. డైరీ రాసే అలవాటు చిన్ననాటినుంచీ ఉంది. జ్వరం రోజులవి తప్ప మిగతా సంగతులన్నీ అందులోంచి తీసినవే.

మాది బళేపేట, కన్నడ సీమ పట్నంలో గాజుల అంగళ్ళ పేట. ముందు గాజుల అంగడి, వెనక ఇల్లు, రెండింటి మధ్య ఒక తలుపు. నేను సర్కారు కచేరీలో రికార్డు గుమాస్తాగా పనిచేసి పింఛను పుచ్చుకున్నాను. తాతల నాటి అంగడిని తమ్ముడు నారాయణప్ప చూసుకుంటాడు. ఆడపిల్లలు అత్తవారిళ్ళకు వెళ్ళాక ఇంట్లో ఉన్నది నేను, నా భార్య రంగమ్మ, నారాయణప్ప, అతని భార్య లక్ష్మమ్మ. పొయ్యి ఒకటే.

కార్తీకం

పక్కనున్న ఇనుపసామాను అంగడి గోడౌనులో ఎలుక చచ్చి కనిపించింది. వాళ్ళు ఎవరికీ చెప్పకుండా మోరీలో పారేశారు. తరవాతి వారానికి వీధంతా ఎలుకలు రాలాయి, ఇక దాచగలిగినవాళ్ళు ఎవరూ మిగల్లేదు. ఆ రోజు డైరీలో రాసుకున్నది ఇంతే: "వీధి సగం ఖాళీ. పాలవాడు మన ఇంటిదాకా రాలేదు."

పత్రిక చెప్పినవన్నీ చేశాం. నలుగురం సూది వేయించుకున్నాం. చేయి వాచి, ఒళ్ళు కాలి, రంగమ్మ దుప్పటి కింద నుంచి గొణిగింది: "జబ్బు రాకుండా ఉండేదానికి ముందు జబ్బు తెప్పిస్తారా? ఇదేం వైద్యమప్పా?" మునిసిపాలిటీ మనుషులు వచ్చి పైకప్పు పెంకులు కొన్ని తీసి, గదుల్లో ఎండ పడేలా చేశారు. మా పూజగూటిలో నేరుగా సూర్యుడు పడటం అదే మొదటిసారి. ఇల్లు వదలమన్నారు, వదిలాం. బొమ్మనహళ్ళిలో నారాయణప్ప మామగారికి పొలం ఉంది. అక్కడ వెదురు తడికెలతో గుడిసె వేయించి, ఎద్దులబండిలో సామాను ఎక్కించాం. పరుపులు, గిన్నెలు, రాగుల మూట అయ్యాక నారాయణప్ప గోడౌనులోంచి గాజుల బుట్టలు తెచ్చి పెట్టాడు.

"ఇవెందుకు నారాయణా?" అన్నాను.

"మాఘంలో పెండ్లిండ్లు ఉండాయి కదన్నా. అంగట్లో గంధకం పొగ ఏస్తారంట. పొగకు రంగు మాసిపోతే ఎవురు ఏయించుకుంటారు?"

"గడ్డి తీసేసి తెచ్చుకోరాదా?"

"గడ్డి లేకుండా ఎద్దులబండి మీదనా? హోసూరు రోడ్డు గుంతలకు బొమ్మనహళ్ళి చేరేలోపల పిండి అయిపోతాయి."

అతను చెప్పింది అబద్ధం కాదు. యుద్ధం వచ్చి విదేశీ గాజులు ఆగిపోయాయి. ఇప్పుడు వచ్చేదంతా ఉత్తరాది సరుకు. రైల్లో రోజులకొద్దీ ప్రయాణం చేసి, వరిగడ్డిలో కూరి వస్తుంది. ఆ గడ్డి విషయంలో మా అంగటికి ఒక పద్ధతి ఉంది. గాజులతో వచ్చిన గడ్డిని మేం కాల్చం, చెత్తలో వేయం. సరుకు అమ్ముడయ్యేదాకా బుట్టలోనే ఉంచి, ఖాళీ అయ్యాక ఆవుకు వేస్తాం. గాజులంటే గౌరీదేవి అనీ, గౌరి పడుకుని వచ్చిన గడ్డికి నిప్పు పెట్టకూడదనీ మా తాత చెప్పేవాడట. మా నాన్న పాటించాడు, నారాయణప్ప పాటిస్తున్నాడు.

గుడిసెల్లో బతుకు మొదట బాగానే ఉంది. మాలాగే వచ్చినవాళ్ళు చుట్టూ పాకలు వేసుకున్నారు. సాయంత్రం నేను పత్రిక చదివి తెలుగులో చెబితే పదిమంది చేరేవారు. యుద్ధం సంగతులు ఎవరికీ పట్టవు. "మన పేట పేరు వచ్చిందా?" అని మాత్రం అడిగేవారు. గుడిసెలో నా మంచం ఒక మూల, దాని తలాపున గాజుల బుట్టలు. వాటికి ఆనుకునే నేను పత్రిక చదివేది.

ఒకనాడు హెల్త్ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కుర్రతనం పోని కన్నడ మనిషి, మంచివాడు. బుట్టలు చూసి గడ్డి కాల్చేయమన్నాడు. నారాయణప్ప చేతులు జోడించాడు. "సామీ, పరుపులు కాల్చమంటే కాలుస్తా. ఇది మాత్రం గాజుల గడ్డి." ఇన్‌స్పెక్టరుకు అర్థం కాలేదు, తిరిగి వచ్చేసరికి బుట్టలు కనిపించకూడదు అని చెప్పి పోయాడు. అందుకని నారాయణప్ప వాటి మీద పాత జంపఖానా కప్పాడు. కనిపించడం మానేశాయి.

మార్గశిరం

నాకు వచ్చింది ఒక మధ్యాహ్నం. అన్నం ముందు కూర్చున్నాను, విస్తరి దూరంగా జరిగినట్టు అనిపించింది. చేయి కడుక్కోవడానికి లేస్తే కాళ్ళు తాగినవాడి కాళ్ళలా తడబడ్డాయి. రంగమ్మ నవ్వింది, "ఈ వయసులో యాడ తాగొచ్చినావు?" అని. ఆ తరవాత నుదురు తాకి చూసి నవ్వు ఆపేసింది. చలి, తరవాత మంట, తల మీద ఎవరో రోకలి పెట్టి నొక్కుతున్నట్టు. మరునాటికి గజ్జలో గడ్డ తేలింది. దాని సంగతి ఇంతకంటే రాయను. కాలు చాచలేం, ముడవలేం అని మాత్రం చెబితే చాలు.

కబురు వెళ్ళింది, ఆసుపత్రి బండి వస్తుందన్నారు. దాని కోసం ఎదురుచూస్తూ రంగమ్మ నా పక్క బట్టలు తీయడానికి మంచం జరిపింది. జంపఖానా జారింది. అంత జ్వరంలోనూ ఆ వాసన నాకు తెలిసింది. ఆవిడ పుల్లతో గడ్డి పైకి ఎత్తింది. బుట్ట అడుగున ఎలుక ఉంది, చచ్చి చాలా రోజులైంది.

"నారాయణా, ఇట్ల రా. నీ గౌరమ్మ ఎవుర్ని పక్కలో పండబెట్టుకోనుండాదో చూసిపో."

నారాయణప్ప వచ్చి చూశాడు. "వదినా, నాకేం తెలుసు..."

"నీకు తెలీదు. ఆ ఇన్‌స్పెక్టరుకు తెలుసు, ఊరికంతా తెలుసు. మాఘంలో పెండ్లికూతుర్లకు ఏస్తానంటివే, నా చేతులు బోడి అయినంక ఏ బుట్టలోంచి తీసి ఏస్తావప్పా నాకు?"

లక్ష్మమ్మ, "సాకు అక్కా, సాకు, ఇంక చాలు," అని ఏడుస్తూ ఆవిడ చేయి పట్టుకుంది. రంగమ్మ విదిలించుకుంది. నన్ను బండి ఎక్కించారు. ఎక్కించే నలుగురిలో నారాయణప్ప లేడు. బండి కదులుతుండగా గుడిసె వెనకనుంచి చిటపట చప్పుడు మొదలైంది. గాజులు తీయకుండానే, బుట్టలతో సహా నిప్పు పెట్టాడు. గాజు నిప్పులో పగిలితే చిన్న చిన్న టపాకాయల్లా వినిపిస్తుంది. హోసూరు రోడ్డు ఎక్కేదాకా అది నాకు వినిపించింది.

అంటురోగాల ఆసుపత్రి గురించి జనం చెప్పుకునే మాటలు విని భయపడేవారికి ఒకటి చెబుతాను. అక్కడ కొట్టరు, చంపరు. సున్నం వేసిన పొడుగాటి షెడ్డు, ఫినాయిలు వాసన, మనుషుల కంటే ఎక్కువ మంచాలు. డాక్టరు ముక్కుకు గుడ్డ కట్టుకుని వచ్చి, మిలిటరీకి పోగా మిగిలిన మందు బిళ్ళలను తన జేబులోంచి తనే తీసి ఇచ్చేవాడు. వేరే ఎవరి చేతికీ వాటిని ఇవ్వడు. కష్టమల్లా ఎదురుచూడటమే. బిళ్ళ మింగుతాం, అది పనిచేస్తుందా లేదా అన్నది ఎవరూ చెప్పరు. డాక్టరు మొహం చూసి తెలుసుకుందామంటే సగం గుడ్డ చాటునే ఉండేది.

పక్క మంచం మీద కలాసిపాళ్యం జట్కావాడు ఉండేవాడు, పేరు ఖాదర్. నాకంటే ముందు వచ్చినవాడు, అప్పటికే లేచి కూర్చునేవాడు. నా నాలుక అట్టముక్కలా ఎండి మాట రానప్పుడు, పిలిస్తే పలికేవాళ్ళు దగ్గర లేనప్పుడు, తన కుండలోని నీళ్ళు పట్టుకుని మంచం మీదనుంచి మంచం మీదకు జరిగి వచ్చి నా నోట్లో పోశాడు. "తాగు సామీ. మన ఇద్దరిదీ ఒకే జబ్బు, ఇంక ఎంగిలేముండాది?" అన్నాడు. ఆ మాట చెవిన పడింది కానీ మొహం కనిపించలేదు. మొహం తరవాత చూశాను: మశూచి మచ్చలు, తెల్లని పళ్ళు.

అతనికి ఒకటే దిగులు. "గుర్రానికి ఎవురు గడ్డి ఏస్తాండారో" అని రోజూ అనేవాడు. తమ్ముడు ఉన్నాడట, కానీ వాడికి గుర్రం అంటే భయమట, వెనకనుంచి పోయి గడ్డి విసిరి పరుగెత్తి వస్తాడట. అది చెప్పి తనే నవ్వేవాడు.

నాకు తెలివి వచ్చిన రోజుల్లో డాక్టరు తను చదివిన పత్రిక నాకు ఇచ్చేవాడు. లోపలికి వచ్చిన కాగితం మళ్ళీ బయటికి పోకూడదు, సాయంత్రం పొయ్యిలో వేసేవారు. నేను చదువుతుంటే ఖాదర్ అడిగాడు.

"పేపర్లో మన పేర్లు వచ్చినాయా సామీ?"

"పేర్లు రావు. ఎంతమంది అన్నది మాత్రం వేస్తారు."

"అయితే అందులో నేను ఎన్నోవాణ్ణి?"

"ఎన్నోవాడివో తెలీదు. ఉన్నావు."

"ఉంటే సరి," అన్నాడు. "మా వీధిలో చెప్పుకోవచ్చు, ఖాదర్ పేపర్లో ఉండాడని."

బయట రంగమ్మ. బళేపేట ఇంట్లోకి ఇంకా పోనివ్వరు కనుక ఆసుపత్రికి దగ్గరలో తెలిసినవాళ్ళ పెరట్లో ఉండి, పొద్దునే గంజి తెచ్చేది. కంచె దగ్గర ఇస్తే లోపలి మనిషి అందుకుంటాడు. లోపలికి పోయిన గిన్నె తిరిగి రాదు. ఇంట్లోనుంచి తెచ్చుకున్న గిన్నెలన్నీ అలా అయిపోయాక, ఆవిడ కుమ్మరి దగ్గర చిన్న మట్టి ముంతలు తీసుకుంది. ఎవరికైనా ఇలాంటి అవసరం వస్తే మొదటిరోజునుంచే ముంతలు వాడమని ఆవిడ తరఫున చెబుతున్నాను. గంజి ఇచ్చాక ఏం చేసేదానివి అని తరవాత అడిగాను. "నిలబడేదాన్ని," అంది. "ముంత లోపలికి పోయి, ఇంకోటి తెమ్మని చెప్తే నువ్వు ఉండావని అర్థం. వద్దంటే లేవని. అందుకే చెప్పేదాకా నిలబడేదాన్ని."

కంచె దగ్గరికి నారాయణప్ప రాలేదు.

పుష్యం

ఖాదర్‌కు నయమైందనుకున్నాం. ఒక సాయంత్రం మళ్ళీ జ్వరం వచ్చింది, ఈసారి దగ్గుతో. అతని మంచాన్ని తడిక వెనక్కి జరిపారు. మరునాడు ఉదయం తడిక తీసేశారు, అక్కడ మంచం ఉంది, పక్క లేదు. ఆ తరవాత వచ్చిన పత్రికలో రెండవ పేజీ తెరిచాను. నిన్నటి మృతులు అని ఒక అంకె. ఆ అంకెను చాలాసేపు చూశాను. అన్ని అంకెల్లాగే ఉంది.

నా గడ్డ మెత్తబడి పగిలింది. జ్వరం దిగింది. డాక్టరు ఒకనాడు గుడ్డ కిందికి లాగి మాట్లాడాడు, అప్పుడు తెలిసింది నేను బతుకుతానని. సూది వేయించుకున్నందువల్ల మందుకు కొంత వ్యవధి దొరికిందన్నాడు. సూది అంటే భయపడేవాళ్ళు ఈ ఒక్క మాట గుర్తుంచుకోవాలి. నా బట్టలు కాల్చి, ఆసుపత్రి పంచె ఇచ్చి పంపారు. కంచె తలుపు దగ్గర రంగమ్మ ఉంది. నన్ను చూసి, "ఏమి ఇట్ల అయిపోయినావు, కొయ్యకు పంచె చుట్టినట్టు," అంది. తరవాత మొహం పక్కకు తిప్పుకుని చాలాసేపు ముక్కు చీదుకుంది.

కలాసిపాళ్యం మీదుగా వస్తూ బండి ఆపించి ఖాదర్ తమ్ముణ్ణి కనుక్కున్నాను. గుర్రం బాగానే ఉంది. వాడు దూరంనుంచి గడ్డి విసిరే తీరు ఖాదర్ చెప్పినట్టే ఉంది.

మాఘం

పేట మళ్ళీ తెరిచారు. పెంకులు సర్దించి, సున్నం కొట్టించి, మేం ఇద్దరం ఇంట్లో చేరాం. నారాయణప్ప, లక్ష్మమ్మ బొమ్మనహళ్ళిలోనే ఆగిపోయారు. అతను రోజూ పొద్దున బస్సులో వచ్చి వీధి వైపునుంచి అంగడి తీసేవాడు, సాయంత్రం అటే వెళ్ళేవాడు. మధ్య తలుపు తెరవలేదు. ఇటునుంచి రంగమ్మ కూడా తెరవలేదు. నా మంచం ఆ తలుపు పక్కనే. అవతల అతను దగ్గడం, సరుకు సర్దడం, బేరం ఆడటం అన్నీ వినిపించేవి. జ్వరం దిగిన తరవాతి నీరసంకన్నా అది నన్ను ఎక్కువ పీడించింది. ప్రాణం దక్కింది, ఇల్లు దక్కలేదు అనిపించేది. తలుపు తీసి పిలవచ్చు కదా అంటారేమో. పిలిస్తే వచ్చేవాడే, తల వంచుకుని. బోడి చేతుల గురించి రంగమ్మ అన్న మాట మాత్రం వాళ్ళిద్దరి మధ్యా అలాగే ఉండిపోయేది. ఆ మాటకు నేను చనిపోతే ఒక అర్థం, బతికితే ఇంకొకటి. బతికాను కనుక దాన్ని ఎక్కడ పెట్టాలో ఎవరికీ తెలియలేదు.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. కంచెకు చేతులు ఆనించి నిలబడటంలో, ముంతలు మోయడంలో రంగమ్మ గాజులు ఒక్కొక్కటే చిట్లి, చివరికి చేతికి ఒక్కటీ మిగల్లేదు. పసుపుదారం కట్టుకుంది. గాజుల అంగడి కోడలు ఇంకో అంగట్లో గాజులు వేయించుకుంటే పేటంతా నవ్వుతుంది. తన అంగట్లో వేయించుకోవాలంటే ఆ తలుపు తీయాలి. పక్కింటావిడ, "ఏమి రంగమ్మా, దీపం కింద చీకటి అన్నట్టుండావే," అని ఎకసక్కెం ఆడితే, "చేతులు వాచినాయి, తగ్గినంక ఏయించుకుంటా," అని చెప్పింది. ఆ చేతుల్లో వాపు కాదు, ఎముకలే ఉన్నాయి.

ఒక ఉదయం అవతల కొత్త సరుకు దిగింది. పెట్టె విప్పిన చప్పుడు, ఆ వెంటనే వీధిలో గడ్డి కాలిన వాసన వచ్చింది. నారాయణప్ప గడ్డిని అంగట్లోకి రానివ్వకుండా వీధిలోనే తగలబెడుతున్నాడు. తరవాత అల్మరాలో గాజులు ఒకదానికొకటి తగులుతున్న గలగల. మధ్యలో ఒకటి పగిలింది. ఇంకొకటి. కొనవచ్చిన ఎవరో అడిగారు: "ఏమప్పా, పొట్లం కట్టేదానికి ఏమీ లేదా?" "యుద్ధం కాలం, కాగితం యాడ దొరుకుతాది తల్లీ, పైటలో కట్టుకో" అన్నాడు నారాయణప్ప.

నేను లేచాను. గోడ పట్టుకుని పెట్టె దగ్గరికి వెళ్ళి, ఏజెంటు దగ్గర తెప్పించుకున్నవాటితో సహా ప్లేగు రోజుల పత్రికల కట్ట తీశాను. మధ్య తలుపు గడియ తీశాను.

నారాయణప్ప లేచి నిలబడ్డాడు. అతనూ చిక్కిపోయాడు. ఆ సంగతి గొంతును బట్టి నాకు తెలియలేదు.

"ఇవి చింపి చుట్టు," అన్నాను.

"అన్నా, నీ పేపర్లా?" కట్టను ముట్టుకోలేదు. "అప్పడాలు ఎండబెట్టేదానికి వదిన ఒక కాగితం అడిగితే ఇయ్యలేదు కదా నువ్వు."

"చదవడం అయిపోయింది. తీసుకో."

అతను చింపడం మొదలుపెట్టాడు. నేను అక్కడే పీట మీద కూర్చున్నాను, నిలబడే శక్తి లేక. తలుపు తెరిచే ఉంది. వంటింట్లో గరిట చప్పుడు ఆగింది. కాసేపటికి రంగమ్మ వచ్చి, గడపకు ఇంటి వైపున చాప మీద కూర్చుంది. చేయి గడప దాటించి అంగట్లోకి చాచింది.

నారాయణప్ప అప్పుడే చుట్టిన ఒక పొట్లం విప్పి, కాగితం పక్కన పెట్టి, గడప దగ్గర కూర్చున్నాడు. పసుపుదారం పైకి జరిపాడు. ఆవిడ వేళ్ళు కూడదీసి నొక్కి చూశాడు. గాజుల మనిషికి కొలత అలా తెలుస్తుంది.

"చేయి చిక్కింది వదినా. నీ సైజు కాదిది, ఇంకొంచెం చిన్నది తీయాల."

"ఎవురి వల్ల?" అంది.

అతను చేయి వదలలేదు, తల ఎత్తలేదు. "నా వల్లే," అని, చిన్న గాజులు ఉన్న ఇంకో పొట్లం అందుకున్నాడు.

పచ్చవి. ఒక్కటి కూడా చిట్లకుండా రెండు చేతులకూ ఎక్కించాడు. చివర, మా అంగట్లో అందరికీ వేసినట్టే, ఒకటి కొసరు వేశాడు.

"కొసరు నాకేల? నేను ఇంటి మనిషిని," అంది రంగమ్మ.

"కొసరు లేకుండా మనం ఎవురికీ ఏయలేదు."

ఆవిడ చేతులు తిప్పి చూసుకుంది. తరవాత గాజులను కళ్ళకు అద్దుకుని, మామూలుగా గాజులు వేసినవాడికి పెట్టే దండం పెట్టింది. అతను ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు. "లక్ష్మమ్మను ఆడ ఎన్ని రోజులు కూర్చోబెడతావు?" అంది ఆవిడ లేస్తూ. "రేపు పొద్దున తోడుకోని రా. ఒక్కదాన్నే రాగిముద్ద కెలికేదానికి నా చేతులకు బలం లేదు."

నారాయణప్ప మొదటి పొట్లం కాగితాన్ని మళ్ళీ చదును చేస్తుంటే నా కంటపడింది. రెండవ పేజీ, కింది మూల, నేను ఆసుపత్రిలో చూసిన అంకె. ఖాదర్ పోయిన నాటి లెక్క. నేను చూడటం అతను చూశాడు.

"ఇది కావాల్నా అన్నా?"

"వద్దు, చుట్టేయి" అన్నాను. ఆ కాగితంలో ఖాదర్ పేరు లేదు. అందుకే ఇక్కడ రాశాను.